భారమైన అభ్యర్థన – తిరస్కరణ హద్దులు: బ్రిటన్ పర్యావరణ సమాచార నిబంధనలు

అడిగిన సమాచారాన్ని వెతికి తీయడం శ్రమతో కూడిన పని అయినంత మాత్రాన ప్రభుత్వ సంస్థ దానిని నిరాకరించవచ్చునా? బ్రిటన్‌లో ఈ ప్రశ్నకు రెండు సమాధానాలున్నాయి. 2000 నాటి సమాచార స్వేచ్ఛా చట్టం ఖర్చుకు నిర్దిష్ట పరిమితి విధించింది: కేంద్ర ప్రభుత్వ శాఖలకు 600 పౌండ్లు, ఇతర సంస్థలకు 450 పౌండ్లు. గంటకు 25 పౌండ్ల చొప్పున ఇవి వరుసగా 24, 18 గంటల పనికి సమానం. అంచనా ఆ హద్దు దాటితే ప్రజాప్రయోజనాన్ని తూచి చూడకుండానే నిరాకరించవచ్చు.

నేల, నీరు, గాలి, వ్యర్థాలు, ఉద్గారాల సమాచారానికి ఈ లెక్క వర్తించదు. ఇంగ్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లలో దానికి 2004 నాటి పర్యావరణ సమాచార నిబంధనలు వర్తిస్తాయి. వాటికి మూలం 1998 నాటి ఆర్హస్ ఒడంబడిక. 12(4)(బి) నిబంధన ప్రకారం అభ్యర్థన ‘స్పష్టంగా అసమంజసం’ అయినప్పుడే తిరస్కరణకు అవకాశం. బరువంతా ‘స్పష్టంగా’ అన్న మాటపైనే ఉంది. అయితే ఒకే అభ్యర్థనకయ్యే ఖర్చు కూడా, మరీ మితిమీరితే, అందుకు కారణం కాగలదని క్రేవెన్ వ్యవహారంలో 2012లో అప్పర్ ట్రైబ్యునల్ నిర్ణయించగా, 2015లో అప్పీలు న్యాయస్థానం దానిని సమర్థించింది.

అంతటితో సంస్థ పని ముగియదు. వెల్లడికి అనుకూలమైన పూర్వభావనతో ప్రజాప్రయోజనాన్ని తూచాలి. అంతకుముందే, అభ్యర్థనను కుదించుకొనేందుకు దరఖాస్తుదారుకు సలహా ఇవ్వవలసిన బాధ్యత కూడా 9వ నిబంధన కింద ఉంది. సమాచారం విస్తారమైనదైతే 20 పనిదినాల గడువును 40కి పొడిగించుకోవచ్చు. పెద్ద అభ్యర్థన వస్తుందని నిబంధనలు ముందే ఊహించాయన్నమాట. కాబట్టి పరిమాణం ఒక్కటే నిరాకరణకు చాలదనడం సబబు.

నీటి సరఫరా కంపెనీలు కూడా ఈ నిబంధనల పరిధిలోనివేనని 2015లో ఫిష్ లీగల్ వ్యవహారంలో తేలింది. నదుల్లోకి వదిలిన మురుగునీటి వివరాలు కోరేవారికి ఇది కీలకం. అటువంటి రికార్డులు సహజంగానే భారీగా ఉంటాయి. చిక్కు కూడా ఇక్కడే ఉంది. రికార్డులను అస్తవ్యస్తంగా ఉంచుకున్న సంస్థకే వెతుకులాటకు ఎక్కువ గంటలు పడతాయి. ఆ గంటలనే భారంగా చూపనిస్తే అలసత్వమే రక్షణ కవచమవుతుంది.

భారత సమాచార హక్కు చట్టం, 2005లో పర్యావరణానికి వేరు నిబంధనలు లేవు. వనరులు అనుచితంగా మళ్లే సందర్భాన్ని 7(9) సెక్షన్ ప్రస్తావించినా, అది సమాచారాన్ని ఇచ్చే రూపానికి సంబంధించినది మాత్రమే. తిరస్కరణకు కారణాలు 8, 9 సెక్షన్లలో ఉన్నాయి. వాటిలో పనిభారం లేదు.