గుండీ పెట్టుకుంటే 5 మార్కులు

చొక్కా గుండీ పిల్లవాడు తనంతట తానే పెట్టుకుంటే 5 మార్కులు. చిన్న సూచనతో పెట్టుకుంటే 4. ప్రతి మెట్టూ నోటితో చెప్పాల్సి వస్తే 3. చెయ్యి పట్టుకుని చేయించాలంటే 2. మొత్తం మనమే పెట్టాలంటే 1.

సికింద్రాబాద్‌లోని జాతీయ మానసిక వికలాంగుల సంస్థ (ఇప్పటి ఎన్‌ఐఈపీఐడీ) 1992లో తెచ్చిన ‘బేసిక్-ఎంఆర్’ కొలమానంలో ఏ పనికైనా లెక్క ఇదే. రీతా పెషావరియా, ఎస్.వెంకటేశన్ మేధో వైకల్యం ఉన్న మన పిల్లల కోసమే దీన్ని తయారుచేశారు. నడక, తిండి దగ్గర్నుంచి డబ్బు లెక్క దాకా 7 విభాగాలు, ఒక్కోదానిలో 40 అంశాలు, మొత్తం 280. ఇబ్బందికర ప్రవర్తనలకు విడిగా మరో 75.

సైకాలజీ క్లాసులో మనం నేర్చుకునే అంకె వేరు. సగటు ఐక్యూ 100, 70 కంటే తక్కువ ఉంటే మేధో వైకల్యాన్ని అనుమానించాలి. గణితం ప్రకారం ఆ గీత కింద నూటికి ఇద్దరుంటారు. ఐక్యూ ఒక్కటే చూసి నిర్ధారించరు, రోజువారీ పనుల్లోనూ వెనకబాటు ఉండాలి. కాబట్టి అసలు సంఖ్య అంతకన్నా తక్కువే. అయినా 2011 జనాభా లెక్కల్లో తేలింది దేశం మొత్తమ్మీద 15 లక్షల మందే, అంటే సుమారు 800 మందికి ఒకరు. మిగతావాళ్లు లేరని కాదు. చాలా ఇళ్లలో బయటికి చెప్పుకోరు. కొద్దిపాటి లోపమైతే ‘మొద్దు’ అని ఊరుకుంటారు.

ఐక్యూ అంకె తల్లికి సర్టిఫికెట్ ఇస్తుంది, రేపు పొద్దున ఏం నేర్పాలో చెప్పదు. అది చెప్పేది 1 నుంచి 5 దాకా ఉన్న ఆ మెట్లే. గుండీ నేర్పేటప్పుడు అనుభవం ఉన్న స్పెషల్ టీచరు చివరినుంచి మొదలుపెడతారు. గుండీని తనే కాజాలో సగం దూర్చి, అవతలికి లాగే పని మాత్రం పిల్లవాడికి వదిలేస్తారు. పని పూర్తి చేసింది వాడే! 2 నుంచి 3కి రావడానికి నెలలు పట్టవచ్చు. ఈ వృత్తిలో ప్రమోషనంటే అదేనని నా నమ్మకం. కాలేజీలో సైకాలజీ చెప్పాలంటే పీజీలో 55 శాతం, నెట్ లేదా సెట్ లేదా పీహెచ్‌డీ అడుగుతారు. ఇలాంటి పిల్లల బడిలో ఒక్క టర్మయినా కూర్చోవాలని ఎవరూ అడగరు. అడగాలి.

ఇలాంటి టీచర్ల అవసరం మాత్రం పెరిగింది. 1995 చట్టంలో 7గా ఉన్న వైకల్యాలు 2016 చట్టంతో 21 అయ్యాయి. ఆటిజం, నేర్చుకోవడంలో లోపాలు అలా చేరినవే. సుప్రీంకోర్టు 2021లో తీర్పిచ్చాక, మరుసటి ఏడాది కేంద్రం ప్రాథమిక స్థాయిలో ప్రత్యేక అవసరాలున్న 10 మంది పిల్లలకు, ఆపై తరగతుల్లో 15 మందికి ఒక స్పెషల్ ఎడ్యుకేటర్ ఉండాలని నిర్ణయించింది.

ఈ దారిలోకి రావాలనుకునే విద్యార్థులకు ఒక్క మాట. పునరావాస మండలి (ఆర్‌సీఐ) రిజిస్ట్రేషన్ లేకుండా ఈ పని చేస్తే 1992 చట్టం ప్రకారం ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఫీజు కట్టే ముందే ఆ కాలేజీకి, ఆ కోర్సుకు, ఆ సంవత్సరానికి ఆర్‌సీఐ గుర్తింపు ఉందో లేదో చూసుకోండి.