ఎయిర్‌పోర్టు షురువైన ఏడు

శంషాబాద్ పక్క పల్లెలో ఒక బిడ్డ తల్లిని అడిగింది.

"అమ్మా, నేను ఎప్పుడు పుట్టిన?"

"ఎయిర్‌పోర్టు షురువైన ఏడు పుట్టినవు బిడ్డా."

మనం ఇట్లాగే చెబుతాం. కరువు వచ్చిన ఏడు అంటాం. చెరువు తెగిన ఏడు అంటాం. అది మంచి గుర్తే. కాని ఇప్పుడు మనకు అంకెలు వచ్చు. ఆ గుర్తు పక్కన తేదీ కూడా రాసుకుందాం.

ఆ ఏడు 2008. మార్చి 14న సోనియాగాంధీ ఎయిర్‌పోర్టును ప్రారంభించారు. మార్చి 23 నుంచి ప్రయాణికుల విమానాలు శంషాబాద్‌లో దిగాయి. అంతకు ముందు బేగంపేటలో దిగేవి. కొత్త ఎయిర్‌పోర్టుకు సుమారు 5,500 ఎకరాలు పట్టింది. చుట్టుపక్కల పల్లెల వాళ్ళు భూములు వదులుకున్నారు.

అదే ఏడు మన దేశంలో ఇంకా ఏం జరిగింది? వరసగా చదవండి.

ఫిబ్రవరి 9: బాబా ఆమ్టే చనిపోయారు. కుష్ఠు వచ్చినవాళ్ళను జనం వెలివేసిన రోజుల్లో ఆయన వాళ్ళతో కలిసి బతికారు.

మార్చి 20: సినిమా నటుడు శోభన్‌బాబు చెన్నైలో చనిపోయారు.

ఏప్రిల్ 1: ఉపాధి హామీ చట్టం దేశంలోని అన్ని గ్రామీణ జిల్లాలకు వచ్చింది. ఆ చట్టం ఒక్కో కుటుంబానికి ఏటా 100 రోజుల పని హామీ ఇచ్చింది.

ఆగస్టు 11: బీజింగ్ ఒలింపిక్స్‌లో అభినవ్ బింద్రా తుపాకీ గురిలో బంగారు పతకం గెలిచాడు.

అక్టోబర్ 22: శ్రీహరికోట నుంచి చంద్రయాన్-1 చంద్రుడి వైపు బయలుదేరింది.

నవంబర్ 26: ముంబైలో ఉగ్రవాదులు దాడి చేశారు. 160 మందికి పైగా చనిపోయారు.

పెద్దవాళ్ళు చనిపోతే తేదీ పుస్తకాల్లోకి ఎక్కుతుంది. మరి మన ఇంట్లో మనిషి పోతే? ఆ తేదీ మనమే రాయించాలి.

పుట్టినా, చనిపోయినా 21 రోజుల లోపల నమోదు చేయించాలి. పల్లెలో అయితే పంచాయతీ కార్యదర్శికి చెప్పాలి. పట్నంలో అయితే మున్సిపాలిటీలో చెప్పాలి. ఆలస్యమైతే రుసుం కట్టాలి. ఏడాది దాటితే పై అధికారి ఉత్తర్వు కావాలి. తిరుగుడు ఎక్కువ.

భర్త పోయిన అక్కకు పింఛను రావాలంటే మరణ పత్రం అడుగుతారు. పిల్లను బడిలో వేస్తే పుట్టిన తేదీ అడుగుతారు. "కరువు వచ్చిన ఏడు" అంటే ఆఫీసులో రాసుకోరు.

పత్రం చేతికి రాగానే మీరే చదవండి. పేరు సరిగా ఉందా? తేదీ సరిగా ఉందా? తప్పుంటే అక్కడే దిద్దమని అడగండి.

మీరూ రాయండి: మీ పిల్లలు ఏ తేదీన పుట్టారు? ఆ ఏడు మీ ఊళ్ళో ఏం జరిగింది?