హెరాల్డ్‌కు గ్రీజు వద్దు, నూనె పోయండి

1977లో లండన్ నుంచి సిడ్నీకి జరిగిన మారథాన్ ర్యాలీ మన దేశం మీదుగా సాగింది. కార్లు మద్రాసు చేరి, అక్కడ ఓడెక్కి పెనాంగ్ వెళ్ళాయి. మెర్సిడెస్ నడిపిన ఆండ్రూ కోవన్ గెలిచాడు. అయితే అంత దూరం పోవడానికి అంత పెద్ద కారే ఉండాలని లేదు. అదే మద్రాసులో తయారై, ఒకప్పుడు నెల్లూరు వీధుల్లోనూ తిరిగిన స్టాండర్డ్ హెరాల్డ్‌ను సరిగ్గా సిద్ధం చేస్తే ఖండాలు దాటగలదని నా నమ్మకం. 1959లో ఇంగ్లండులో ట్రయంఫ్ హెరాల్డ్ పేరుతో అమ్మకానికి రాకముందే దాన్ని కేప్‌టౌన్ నుంచి టాంజియర్ దాకా, ఆఫ్రికా ఈ కొస నుంచి ఆ కొసకు నడిపి పరీక్షించారు.

దాని పుట్టుకే విచిత్రం. ట్రయంఫ్ వాళ్ళకు బాడీలు చేసిచ్చే సంస్థను పోటీ కంపెనీ కొనేసింది. బాడీ మొత్తాన్ని ఒకేచోట చేయించుకునే దారి మూసుకుపోవడంతో, విడిగా ఒక ఛాసిస్ వేసి, దాని మీద బాడీని ముక్కలు ముక్కలుగా బోల్టులతో బిగించారు. రూపం గీసింది ఇటలీ వాడైన మికెలోత్తి. ఇలా ముక్కలుగా విడదీసే వీలుండటం మద్రాసు ఫ్యాక్టరీకి కలిసొచ్చింది. 1961 నుంచి ఇక్కడ 948 సీసీ ఇంజనుతో హెరాల్డ్ తయారైంది. దూరప్రయాణానికీ ఆ నిర్మాణమే మేలు. పక్క రెక్కలతో సహా బానెట్ అంతా ముందుకు వాలిపోతుంది. దారి పక్కన ముందు టైరు మీద కూర్చునే ఇంజను పని చేసుకోవచ్చు.

ర్యాలీ అనగానే చాలామంది ఇంజను బలం పెంచాలని చూస్తారు. మొదట చూడాల్సింది ముందు చక్రాల దగ్గర ఉండే ట్రనియన్లను. చక్రాన్ని మోసే నిలువు ఉక్కు కడ్డీ కింది కొసకు మరలు ఉంటాయి. అవి ట్రనియన్ అనే కంచు ముక్కలో దిగి ఉంటాయి. స్టీరింగ్ తిప్పినప్పుడల్లా కడ్డీ ఆ మరల్లోనే తిరుగుతుంది. అక్కడ వాడాల్సింది తొంభై నంబరు గేర్ ఆయిల్. గ్రీజు కొడితే అది మరల అడుగుదాకా దిగదు, పైగా గట్టిపడిపోతుంది. అడుగున చేరిన నీళ్ళు ఉక్కును తినేస్తాయి. ఒకనాడు మలుపు తిరుగుతుండగా కడ్డీ విరిగి చక్రం పక్కకు ఒరుగుతుంది. ప్లగ్గు విప్పి, నిపుల్ బిగించి, పైనుంచి కారేదాకా నూనె ఎక్కించాలి. మైపాడు, కృష్ణపట్నం వైపు ఉప్పుగాలిలో నిలిచిన బండి అయితే, కడ్డీని పూర్తిగా బయటికి తీసి మరలను కళ్ళతో చూడనిదే నమ్మకూడదు.

అదే ఉప్పుగాలి ఛాసిస్ పక్కలకు చాచిన చేతుల్లోనూ దూరుతుంది. తుప్పు లోపలినుంచి మొదలవుతుంది కాబట్టి పైన రంగు చూసి మోసపోవద్దు. చిన్న సుత్తితో తట్టి చూడండి. మంచి రేకు ఖంగుమంటుంది, తుప్పుపట్టింది మొద్దుగా పలుకుతుంది. అతుకులు వేయడం కన్నా ఆ భాగం కోసేసి కొత్తది వెల్డింగ్ చేయించడం మంచిది.

వెనుక చక్రాలది మరో చిక్కు. ఇరుసు సగాలు రెండూ డిఫరెన్షియల్ దగ్గర తలుపు రెక్కల్లా మడుచుకుంటాయి. మలుపులో వేగం మీద ఉండి బండి వెనుక భాగం పైకి లేస్తే బయటి చక్రం లోపలికి మడత పడుతుంది. అందుకే పైకప్పు మీద సామాను వేయకూడదు. బరువంతా కిందే ఉండాలి, కమాను కట్ట సాగిపోయి ఉండకూడదు. మన దేశంలో ఆ తర్వాత వచ్చిన స్టాండర్డ్ గజెల్ కారుకు ఈ ఏర్పాటు తీసేసి, మామూలు గట్టి ఇరుసు వేశారు.

వేసవిలో ఇంకో కష్టం. ఇంజను వేడికి పంపులో పెట్రోలు ఆవిరై బండి ఆగిపోతుంది. పంపు మీద తడిగుడ్డ వేయడం పాత డ్రైవర్ల ఉపాయం. గొట్టాన్ని సైలెన్సర్ పైపుకు దూరంగా జరిపి, రేడియేటర్‌ను లోపలిదాకా కడిగిస్తే ఆ అవసరం చాలావరకు తప్పుతుంది.

మీ తాతగారి హెరాల్డ్ పెరట్లో టార్పాలిన్ కింద ఉంటే పాతసామాన్ల వాడికి అమ్మేయకండి. ముందు జాకీ పెట్టి ట్రనియన్లు విప్పించి చూడండి. అవి బాగుంటే మిగతాదంతా బాగుచేసుకోగల పనే.