కింద పిల్లరు కొడితే పడేది ఎవరి మీద?

పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టుకుందామనుకునే చోటల్లా ఇప్పుడొక మాట వినిపిస్తోంది. "పైనుంచి కొట్టుకుంటూ రావడం దండగ. జేసీబీ పెట్టి కింద రెండు పిల్లర్లు లేపేస్తే బిల్డింగ్ దానంతటదే కూర్చుంటుంది, పూట కిరాయితో పనైపోతుంది" అని. ఈ మాట ఆపరేటర్ల ప్రాణాల మీదికి తెస్తోంది.

చాలామంది నోయిడా జంట టవర్ల వీడియో చూపిస్తారు. 2022 ఆగస్టు 28న అవి క్షణాల్లో నిలువునా కూలిన మాట నిజం. దాని వెనుక నెలల పని ఉంది. పిల్లర్లకు రంధ్రాలు తొలిచి, సుమారు 3,700 కిలోల పేలుడు పదార్థం నింపి, ఏది ముందు పేలాలో, ఏది తర్వాతో లెక్కకట్టారు. అయినా పక్క అపార్టుమెంట్ల ప్రహరీ కొంత దెబ్బతింది. జేసీబీ ఒకసారికి ఒక పిల్లరునే కొట్టగలదు. ఆసరా పోయిన వైపుకే భవనం ఒరుగుతుంది. ఆ వైపున ఉన్నది యంత్రమే! దాని చేయి పూర్తిగా చాచినా ఇరవై అడుగుల దాకా అందుతుందేమో. నాలుగంతస్తుల ఇల్లు నలభై అడుగులు. ఆపరేటర్ ఎటు తప్పుకుంటాడు?

పైనుంచి మొదలుపెట్టినవాళ్లు కూడా శిథిలాలను కింది స్లాబు మీదే గుట్టపోస్తున్నారు. ఇంటి స్లాబుపై మనుషులు, సామాను కోసం చదరపు మీటరుకు 200 కిలోల బరువు లెక్కవేస్తారు. ఐదంగుళాల పైస్లాబు విరిగి దాని మీద పడితే 300 కిలోలు దాటుతుంది, పైగా దెబ్బలా పడుతుంది. భవనాల కూల్చివేతకు మన దేశంలో ఐఎస్ 4130 అనే ప్రమాణం ఉంది. పై అంతస్తు నుంచి ఒక్కొక్కటిగా దిగాలని, శిథిలాలు పేరుకోనివ్వకూడదని చెప్పేది అందుకే.

"గోడ ఒక్కటే మిగిలింది, రేపు చూద్దాం" అనడమూ ప్రమాదమే. 2013 జూన్ 5న అమెరికాలోని ఫిలడెల్ఫియాలో కూల్చివేత మధ్యలో ఆసరా లేకుండా వదిలేసిన గోడ పక్క దుకాణం మీద పడి ఏడుగురు చనిపోయారు. కాంట్రాక్టరుతో పాటు యంత్రం నడిపిన ఆపరేటర్ కూడా జైలుకెళ్లాడు.

ఇంకో రెండు అపోహలున్నాయి. నీళ్లు కొట్టేది గోడ మెత్తబడటానికి కాదు, దుమ్ము అణచడానికి. యంత్రం పెద్దదైతే భద్రం అన్నదీ తప్పే, కింద సెల్లార్ ఉంటే ఆ బరువే ముప్పు.

పెద్దవాళ్ల మాట ఒకటి మాత్రం కొంతవరకు ఒప్పుకోవాలి. మనుషులతో కొట్టించడమే మంచిదని వాళ్లంటారు. అన్నిచోట్లా కాదు, ఎత్తైన భవనంలోకి మనుషుల్ని ఎక్కించడం కంటే పొడవాటి చేయి ఉన్న యంత్రాన్ని దూరంగా నిలబెట్టడమే మేలు. కానీ ఉమ్మడి గోడ ఉన్నచోట ముందు చేత్తోనే విడదీయాలి. కాంక్రీటు పగలగొట్టే బ్రేకర్ అదురుకు పక్కింటి గోడ బీటలు వారుతుంది.

పని తెలిసిన ఆపరేటర్ వచ్చీరాగానే బకెట్ ఎత్తడు. చుట్టూ తిరిగి బీములు ఎటు వెళ్తున్నాయో చూస్తాడు. వేలాడే బాల్కనీని ముందు తీస్తాడు. దాన్ని వెనక నుంచి పట్టి ఉంచిన స్లాబు ముందే పోతే బాల్కనీ ఒక్కసారిగా బోర్లాపడుతుంది. అలాంటివాడికి గంటల లెక్కన డబ్బులిచ్చి తొందరపెట్టకండి, పని మొత్తానికి మాట్లాడుకోండి. ఇంజనీరుతో వరస రాయించండి. కరెంటు మీటరు దగ్గర కాదు, స్తంభం దగ్గరే తీయించండి. పక్కిళ్ల గోడల బీటలను పని మొదలవకముందే ఫొటోలు తీసి, వాళ్లకూ ఒక కాపీ ఇవ్వండి.