రక్తపు పోటును మనోవ్యాకులతయు

మన నిత్యవ్యవహారమున ‘బి.పి.’ అను మాట ఒక చిత్రమైన అర్థమును సంపాదించుకొన్నది. బిడ్డ మాట వినకున్నచో తల్లి ‘నాకు బి.పి. తెప్పించకు’ అనును. కచేరీలో పై అధికారి కోపించినచో ‘ఆయనకు బి.పి. లేచింది’ అని చెప్పుకొందురు. కోపము, దిగులు, తొందర, భయము - ఇవియన్నియు ఆ ఒక్క మాటలో ఇమిడిపోయినవి. ఇంగ్లీషున ఈ వ్యాధికి గల ‘హైపర్‌టెన్షన్’ అను పేరు ఈ భ్రాంతిని మఱింత బలపఱచినది. ఆ పేరులోని టెన్షన్ రక్తనాళముల గోడలపై పడు ఒత్తిడియే కాని మనస్సునకు కలుగు ఒత్తిడి కాదు. తెలుగున రక్తపు పోటు అన్నచో చిక్కు తీఱినదా యనిన, అదియు లేదు. పోటు అనగా సముద్రపు పొంగు. తలపోటు, పంటిపోటు అనునపుడు అదియే నొప్పి. నొప్పి లేదు గనుక పోటును లేదని తలచువారు ఎందఱో కలరు. ఒక వ్యాధి పేరులో ఇన్ని మెలికలున్న సంగతి అనువాదము చేయువారికి వినోదము కావచ్చును. దాని నష్టము మాత్రము రోగులది.

ఛత్తీస్‌గఢ్ రాజధానియగు రాయపూరున రైల్వేస్టేషనునకు సమీపమున గుఢియారీ అను పేట కలదు. ధాన్యము, కిరాణా సరకుల టోకు వర్తకము జరుగు తావు అది. రాయపూరును విజయనగరముతో కలుపు రైలుమార్గము 1931లో పూర్తియైనది. రైల్వే కొలువులకును, వర్తకమునకును, కూలిపనులకును తెలుగు జిల్లాల నుండి తరలివచ్చిన కుటుంబములు ఈ నగరమున తరతరములుగా నివసించుచున్నవి.

అట్టి యింటి యజమానిని ఒకనిని ఊహింతము. వయస్సు నలువదియైదు. తఱచుగా రాత్రి డ్యూటీలు. కుమార్తెకు విజయనగరమున సంబంధము కుదిరినది. పెండ్లికి కావలసిన అప్పు మాత్రము ఇంకను కుదురలేదు. ఆరోగ్యకేంద్రమున పరీక్షింపగా రక్తపు పోటు 156/98 ఉన్నదని చెప్పి మఱల రమ్మనిరి. ఇంటికి వచ్చి చెప్పగా భార్య, ‘అది పెళ్ళి బెంగేనండీ, పెళ్ళయిపోతే అదే తగ్గిపోతుంది’ అనును. ఆయనకును ఆ మాట నచ్చును. పెండ్లి జరుగును, బెంగ తీఱును, నిద్ర పట్టును. పోటు తగ్గినదో లేదో మాత్రము ఎవ్వరును చూడరు. ఐదాఱేండ్లకు ఒకనాటి వేకువను ఆయన మూతి వంకరవోయి, కుడిచేయి పడిపోయిన పిదప గాని ఆ సంఖ్య ఎవరికిని జ్ఞాపకము రాదు.

ఆ యిల్లాలి మాట పూర్తిగా అసత్యము కాదు. అందుచేతనే అది ప్రమాదకరమైనది.

మనస్సు కలతపడినపుడు రక్తపు పోటు పెరుగుట నిజమే. మూత్రపిండములపై టోపీలవలె అమరియుండు అడ్రినల్ గ్రంథులు భయము కలిగిన క్షణముననే అడ్రినలిన్ అను ద్రవ్యమును రక్తములోనికి వదలును. నరముల చివరల నుండి నారడ్రినలిన్ వెలువడును. గుండె వేగముగా కొట్టుకొనును, చిన్న రక్తనాళములు అనేకము ముడుచుకొనును, పోటు పెరుగును. పులి ఎదురైనపుడు పోరాడుటకో పాఱిపోవుటకో దేహము చేసికొను సన్నాహమిది అని అమెరికా దేశపు శాస్త్రజ్ఞుడు వాల్టర్ కానన్ వివరించెను. ఈ విషయమై ఆయన గ్రంథము 1915లో వెలువడినది. నేడు మనకు పులి ఎదురుకాదు. అప్పులవాడు ఎదురగును. దేహమునకు ఆ భేదము తెలియదు.

వైద్యుడు ఎదురైనను ఇట్లే జరుగును. చేతికి పట్టీ చుట్టి రక్తపు పోటును కొలుచు సాధనమును ఇటలీ దేశస్థుడగు రివారోచ్చి 1896లో రూపొందించెను. ఆ దేశముననే, మిలాన్ నగరమున, మాంచియా అను వైద్యుడును ఆయన సహచరులును 1983లో ఒక పరిశోధనను ప్రకటించిరి. రోగి రక్తనాళములోనే కొలత సాధనమును ఉంచి, వైద్యుడు గదిలోనికి వచ్చినపుడు ఏమి జరుగునో వారు గమనించిరి. వైద్యుడు వచ్చిన మొదటి నాలుగు నిమిషములలో పై అంకె సగటున 27, క్రింది అంకె 15 వఱకు పెరిగినవి. పది నిమిషములు గడచుసరికి చాలవఱకు తగ్గినవి. దీనికే ‘తెల్లకోటు రక్తపు పోటు’ అని పేరు. ఇందుకు విపర్యయమును కలదు: వైద్యుని యెదుట 120/80 చూపి, ఇంటివద్దను పనిలోను ఎక్కువగా నుండువారు కొందఱు. అది ఎవరి కంటను పడదు గనుక మఱింత అపాయకరము.

ఈ క్షణికమైన పెరుగుదలయే కాలక్రమమున స్థిరమైన వ్యాధిగా మాఱునా? దీర్ఘకాలపు ఆందోళన గలవారిలో రక్తపు పోటు వ్యాధి కొంత ఎక్కువగా కనబడుచున్నదని పలు పరిశోధనలు చెప్పుచున్నవి. అట్టి సంబంధము కనబడని పరిశోధనలును కలవు. వయస్సు, వంశము, ఉప్పు, స్థూలకాయము, మద్యము, వ్యాయామలోపము - వ్యాధికి ముఖ్య కారణములు ఇవి. ఆందోళన చాలవఱకు దొడ్డిదారిన ప్రవేశించును. దిగులుతో నున్నవాడు సరిగా నిద్రింపడు, పొగ ఎక్కువ త్రాగును, నడక మానును, మాత్ర మఱచును. ఛత్తీస్‌గఢ్‌లో ఇంకొక అలవాటు కలదు. పొగాకును బెల్లపు పాకముతో కలిపిన ‘గుడాఖు’ అను ముద్దను పండ్లకును చిగుళ్ళకును రుద్దుకొందురు. స్త్రీలలోను ఈ అలవాటు తక్కువ కాదు. మనస్సు కుదుటపడునని రోజునకు పలుమాఱులు రుద్దుకొనువారు కలరు. అందలి నికోటిన్ ఆ క్షణముననే గుండె వేగమును, రక్తపు పోటును పెంచును. కుదుటపడినట్లు తోచుట అలవాటు తీఱుటవలననే.

ఆందోళనయే లేనివానికి రక్తపు పోటు రాదను మాట మాత్రము ఏ విధముగను నిలువదు. ప్రపంచయుద్ధ కాలమున అమెరికా అధ్యక్షుడైన ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ ఎంతటి ఉపద్రవమునకును చలింపని నిబ్బరమునకు, నవ్వుమొగమునకు పేరుపొందినవాడు. 1944 మార్చిలో హృద్రోగ వైద్యుడు హోవర్డ్ బ్రూయెన్ పరీక్షింపగా ఆయన రక్తపు పోటు 186/108 ఉండెను. దానిని నిజముగా తగ్గింపగల మందులు నాడు వైద్యుల చేతిలో లేవు. 1945 ఏప్రిల్ 12న మెదడులో రక్తస్రావమై ఆయన మరణించెను. ఆనాడు 300/190గా పోటు నమోదైనది. ఆ మొగమును చూచి ఎవడును ఆ సంఖ్యను ఊహింపగలవాడు కాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారము 2019లో 30 మొదలు 79 ఏండ్ల వయస్సు గలవారిలో 128 కోట్ల మందికి ఈ వ్యాధి ఉండగా, వారిలో ఇంచుమించు సగము మంది ఆ సంగతి నెఱుగరు. ఎఱుగకపోవుటకు కారణము వారి నిర్లక్ష్యము కాదు, దేహము చెప్పకపోవుటయే.

మనస్సునకును రక్తపు పోటునకును ఒకే మందు పనిచేసిన కాలమొకటి మన దేశముననే కలదు. పాతాళగంధి అని మనవారు, సర్పగంధ అని ఉత్తరాదివారు చెప్పు మొక్క ఛత్తీస్‌గఢ్ అడవులలోను లభించును. దాని వేరు ఉన్మాదమునకును, అధిక రక్తపు పోటునకును పనిచేయునని 1931లో కలకత్తా వైద్యులు గణనాథ్ సేన్, కార్తిక్ చంద్ర బోస్ ప్రకటించిరి. బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ తన అనుభవమును 1949లో ఒక బ్రిటిష్ వైద్య పత్రికలో ప్రచురించిన తరువాత ప్రపంచమంతయు ఈ వేరువైపు చూచినది. 1952లో స్విట్జర్లాండులో దాని నుండి రెసర్పిన్ అను ద్రవ్యమును వేఱుచేసిరి. కొన్నియేండ్లపాటు రక్తపు పోటునకును, మానసిక వ్యాధులకును దానినే విరివిగా వాడిరి. నరముల చివరల నిలువయుండు నారడ్రినలిన్ మొదలగువానిని అది ఖాళీ చేయును. అందుచేతనే రెండింటను ప్రభావము చూపినది. కాని కొందఱు రోగులు తీవ్రమైన నిరుత్సాహమునకు లోనగుచున్నట్లు వైద్యులు గమనించిరి. అంతకంటె సుఖముగా నుండు మందులు వచ్చిన పిదప దాని వాడుక మిక్కిలి తగ్గినది. ఈ కథ మనకు గర్వకారణమే. అంతమాత్రమున సంతలో దొరకు వేరుపొడిని వైద్యుడిచ్చిన మాత్రలతో కలిపి మ్రింగుట తగదు; పోటు ప్రమాదకరముగా పడిపోవచ్చును.

ఇక కొలుచు విధము. రోగి కుర్చీలో వీపు ఆనించి, పాదములు నేలపై మోపి, కాలుపై కాలు వేయక, ఐదు నిమిషములు ఊరక కూర్చుండవలెను. దానికి ముందు అరగంటలో టీ గాని, కాఫీ గాని, పొగాకు గాని పుచ్చుకొనరాదు. మూత్రవిసర్జన చేసి రావలెను. చేయి బల్లపై గుండె ఎత్తున ఉండవలెను. కొలుచునపుడు మాటలాడరాదు, పెండ్లి సంగతులు అసలే కూడదు. ఒకటి రెండు నిమిషముల యెడముతో రెండుమాఱులు కొలువవలెను. వేర్వేరు దినములలో వైద్యశాలయందు 140/90 గాని అంతకు మించి గాని ఉన్నచో వ్యాధి కలదని సాధారణముగా నిర్ణయింతురు. ఇంటివద్ద కొన్ని దినములు కొలిచిన సగటునకు హద్దు 135/85. మొదటి కొలత మిక్కిలి ఎక్కువగా నున్నను, అవయవములు చెడుచున్న సూచనలు కనబడినను వైద్యుడు వేచియుండడు. ఈ పద్ధతిని పాటించినచో బెంగవలన పెరిగినదెంతయో, వ్యాధివలన నున్నదెంతయో చాలవఱకు తేలిపోవును. అంతేకాని ‘ఇది టెన్షనే’ అని ఇంటిలో తీర్పు చెప్పుకొనుటకు వీలులేదు. తెల్లకోటు రక్తపు పోటు అని తేలినవారును ఏటేట చూపించుకొనవలెను. కాలక్రమమున వారిలో కొందఱికి నిజమైన వ్యాధి వచ్చుచున్నది.

ఇంట యంత్రము కొన్నవారికి ఒక మాట. ఉదయము రెండు కొలతలు, సాయంకాలము రెండు కొలతలు, వారము దినములు వ్రాసి వైద్యునకు చూపిన చాలును. గంటకొకమాఱు పట్టీ బిగించుకొని, అంకె పెరిగినదని భయపడి, ఆ భయముతోనే మఱల కొలుచువానికి ప్రతి కొలతయు వెనుకటి దానికంటె ఎక్కువగా కనబడిన ఆశ్చర్యము లేదు. అట్టివారు యంత్రమును కొంతకాలము బీరువాలో పెట్టుట మంచిది. పని చేయుచుండగా ఇరువదినాలుగు గంటలు దానంతట అదే కొలుచు యంత్రములును కలవు. సందేహము తీఱనిచో వైద్యుడు దానిని సూచింపవచ్చును.

మనస్సు తేలికపడినది కదా యని రక్తపు పోటు మాత్రలను మానరాదు. ఆ తేలిక మాత్రవలన వచ్చినది కాదు, మానినచో పోటు మఱల పెరుగును. అట్లే నిద్రమాత్రలు రక్తపు పోటునకు మందు కావు. అలవాటైనచో వదలించుకొనుట కష్టము. గుండెదడకు ప్రోప్రనొలోల్ మంచిదని పొరుగువారి మాత్ర తెచ్చుకొని వేసికొనుట ఉబ్బసము గలవారికి ప్రాణాపాయము కావచ్చును.

ఆందోళనకు దానికి తగిన చికిత్స వేఱుగ కలదు. నెలల తరబడి నిద్ర పట్టక, కారణము లేకయే గుండె దడదడలాడుచు, పనిపై మనస్సు నిలువకున్నచో అది చెప్పుకొనదగిన వ్యాధియే కాని పిఱికితనము కాదు. భారత ప్రభుత్వము 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలిమానస్ సేవకు 14416 సంఖ్యతో రాత్రింబవళ్ళు ఎప్పుడైనను ఉచితముగ ఫోను చేయవచ్చును. తెలుగుతో సహా ఇరువది భాషలలో ఈ సేవ లభించును గనుక, గుఢియారీలోని తెలుగు గృహిణి హిందీ వెదకుకొనక తన మాటలలోనే తన దిగులును చెప్పుకొనవచ్చును. మనస్సు శాంతించినచో నిద్రయు, ఆహారమును, మాత్రల క్రమమును చక్కబడును. రక్తపు పోటునకు అది మేలే. మాత్రకు బదులు మాత్రము కాదు. ఇంటి భోజనమున ఉప్పు సంగతియు మఱవరాదు. రోజునకు మనిషికి ఐదు గ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. ఆవకాయ, అప్పడము, ఎండుచేప ఉన్న పంటిలో ఆ ఐదు గ్రాములు ఎంత త్వరగా పూర్తియగునో చెప్పనక్కఱలేదు.

రాత్రివేళ హఠాత్తుగా గుండె కొట్టుకొని, చెమటలు పట్టి, చావు భయము కలిగినపుడు పోటు 170 వఱకు పోయినను, అది తీవ్రమైన ఆందోళన మాత్రమే కావచ్చును. తొలిసారి వచ్చినపుడు మాత్రము ఆ నిర్ణయము వైద్యునిదే. కంగారుపడి నాలుక క్రింద మాత్ర పెట్టి పోటును ఒక్కుమ్మడి పడగొట్టరాదు. మెదడునకు రక్తము చాలక హాని కలుగవచ్చును. ఱొమ్మున నొప్పి, ఊపిరాడకపోవుట, చూపు మసకబారుట, మాట తడబడుట, మూతి వంకరపోవుట, ఒక ప్రక్క చేయి గాని కాలు గాని బలహీనమగుట - వీనిలో ఏది కనబడినను తెల్లవాఱువఱకు ఆగక 108కి ఫోను చేసి పెద్దాసుపత్రికి చేరవలెను. రోగి వాడు మాత్రల చీటిని వెంట తీసికొనిపోవలెను. లక్షణములు మొదలైన వేళ ఏదియో గడియారము చూచి గుర్తుంచుకొని వైద్యునకు చెప్పవలెను; మెదడులోని రక్తపు గడ్డను కరగించు మందును సాధారణముగా నాలుగున్నర గంటల లోపలనే ఇయ్యవలసియుండును.