పెట్రోల్ కలుపు యంత్రాల్లో నిప్పురవ్వ లోపం – గుర్తించే విధానం

కూలీల కొరత వలన పండ్లతోటల్లోనూ, గట్లపైనా గడ్డి కోతకు బ్రష్ కట్టర్, అంతరకృషికి పవర్ వీడర్ వంటి చిన్న పెట్రోల్ యంత్రాల వినియోగం పెరిగింది. వర్షం వెలిసి నేల పదునెక్కిన రెండు మూడు రోజులే కలుపు తీతకు అనువైనవి. సరిగ్గా అప్పుడే, తాడు ఎన్నిసార్లు లాగినా ఇంజిన్ అందుకోకపోతే అదను దాటిపోతుంది. ఇటువంటప్పుడు కాయిల్ పోయిందని తలచి ముందుగా దానినే మార్చడం పరిపాటి. కానీ చాలా సందర్భాల్లో లోపం అంతకంటే చౌకైన చోటనే ఉంటుంది.

ఈ ఇంజిన్లలో రవ్వకు బ్యాటరీ అక్కరలేదు. ఫ్లైవీల్ అంచున ఉన్న అయస్కాంతం కాయిల్ ముందు నుండి వేగంగా సాగినప్పుడు పుట్టే విద్యుత్తే వేల వోల్టులకు పెరిగి, ప్లగ్ కొన వద్ద నిప్పురవ్వ అవుతుంది. కనుక తాడును మెల్లగా లాగితే మంచి ఇంజిన్‌లోనైనా రవ్వ రాదు.

మొదట ప్లగ్‌ను విప్పి చూడాలి. అది పొడిగా ఉంటే పెట్రోల్ అందడం లేదేమో పరిశీలించాలి. తడిసి ఉంటే రవ్వను అనుమానించవచ్చు. మసిని బ్రష్‌తో తొలగించి, కొనల మధ్య ఎడం సరిచూడాలి. బ్రష్ కట్టర్లలో ఇది సాధారణంగా 0.6 నుండి 0.7 మిల్లీమీటర్లు. తరువాత ప్లగ్‌ను క్యాప్‌లో పెట్టి, దాని మరలను ఇంజిన్ లోహానికి ఆనించి, నీడలో తాడు లాగాలి. ప్లగ్ రంధ్రానికి దూరంగా, ఒలికిన పెట్రోల్ తుడిచిన తరువాతే ఈ పరీక్ష చేయాలి. లోహానికి ఆనించకుండా లాగితే కాయిల్ దెబ్బతినవచ్చు.

కొత్త ప్లగ్‌తోనూ రవ్వ రాకపోతే ఆపు స్విచ్ వైరును చూడాలి. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. ఇంట్లోని స్విచ్ విద్యుత్తును తెంచి దీపాన్ని ఆర్పుతుంది. ఇక్కడి స్విచ్ కాయిల్ విద్యుత్తును ఇంజిన్ లోహానికి కలిపి రవ్వను ఆపుతుంది. అంటే ఈ వైరు తెగితే ఇంజిన్ ఆగదు, పైపొర ఒరిసి లోహానికి తగిలితే ఇంజిన్ అందుకోదు. బ్రష్ కట్టర్‌లో ఈ వైరు పిడి వరకు సాగుతుంది కనుక ఒరిపిడి సహజం. కాయిల్ వద్ద ఆ వైరును విడదీసి మళ్ళీ పరీక్షించాలి. రవ్వ వస్తే కాయిల్ మంచిదే, దోషం వైరుదో స్విచ్‌దో. అయితే ఆ వైరు తీసి ఇంజిన్‌ను నడపరాదు, ఆపే మార్గం ఉండదు. నాలుగు స్ట్రోకుల ఇంజిన్లలో కొన్ని, ఆయిల్ తగ్గితే ఇదే పద్ధతిలో రవ్వను నిలిపివేస్తాయి. కావున యంత్రాన్ని సమతలంపై నిలిపి ఆయిల్ మట్టం చూడడం మరువరాదు.

కాయిల్ కాళ్లకు, అయస్కాంతానికి తుప్పు పడితే సన్నని గరుకు కాగితంతో తుడవాలి. వాటి మధ్య ఎడం చాలా ఇంజిన్లలో సుమారు 0.3 మిల్లీమీటర్లు. ఫీలర్ గేజ్ లేనిచోట విజిటింగ్ కార్డు అక్కరకు వస్తుంది.

పచ్చిక కోసే యంత్రాల సంగతి కొంత వేరు. వాటి బ్లేడు సాధారణంగా నేరుగా ఇంజిన్ ఇరుసుకే బిగించి ఉంటుంది. రాయి తగిలినప్పుడు ఫ్లైవీల్‌ను పట్టి ఉంచే చిన్న కీ కోసుకుపోతే రవ్వ వస్తుంది గాని వేళ తప్పుతుంది. తాడు చేతిని వెనక్కి గుంజితే ముందుగా ఆ కీని చూడాలి.

ఇక కొంతసేపు నడిచి ఆగి, చల్లారాక మళ్ళీ అందుకునే ఇంజిన్‌ను ఆగిన వెంటనే పరీక్షించాలి. వేడిలో మాత్రమే రవ్వ లేకపోతే, పై తనిఖీలన్నీ అయిన పిమ్మట కాయిల్ మార్చవచ్చు. రవ్వ ఉంటే పెట్రోల్ ట్యాంకు మూతలోని గాలి రంధ్రం పూడిందేమో చూడాలి.