మణికట్టుపై మూడు వ్రేళ్లు

శస్త్రచికిత్స జరిగిన రాత్రి రోగిని బాధించునది నొప్పి యొక్కటే యని మనము తలంతుము. కొందరికి నొప్పికంటె వికారమే భరింపరాని దగును. పొట్టపై పచ్చి కుట్లున్నవాడు ఓకరించునపుడు పడు యాతన చూచినవారికే తెలియును.

అట్టివేళ, వైద్యుడు వ్రాసిన మందుతోపాటు, నర్సు చేయదగిన చిన్నపని యొకటి కలదు. రోగి అరచేతిని వెల్లకిల త్రిప్పి, మణికట్టు ముడుతనుండి మోచేతి దిశగా మూడు వ్రేళ్ల వెడల్పు కొలువవలెను. ఆ వ్రేళ్లు నర్సువి కావు, రోగివే. పిడికిలి బిగించినపుడు అచట రెండు త్రాళ్లు పైకి తేలును. వాని నడుమ బొటనవ్రేలితో, నొప్పి కలుగనంత గట్టిగా, రెండు మూడు నిమిషములు ఒత్తవలెను. పిదప రెండవచేయి. చీనావారు ఈ తావును 'నెయ్‌గ్వాన్', అనగా లోపలి ద్వారము, అందురు; నేటి గ్రంథములలో ఇది 'పి 6'. మన ఆసుపత్రులలో మంచము ప్రక్కనుండు తల్లికో భార్యకో దీనిని నేర్పుట సులభము.

ఇది వట్టి నమ్మకమా? 1980 దశకమున బెల్‌ఫాస్టునందు మత్తువైద్యాచార్యుడు జాన్ డండీ ఈ తావును పరీక్షకు పెట్టెను. 2015లో కాక్రేన్ సమీక్షకులు 59 పరిశోధనలను, 7,667 మంది రోగుల ఫలితములను పరిశీలించిరి. సూదితోనో, ఒత్తిడితోనో, విద్యుత్తుతోనో ఈ తావును ప్రేరేపించినచో, బూటకపు చికిత్సకంటె వికారము, వాంతులు తగ్గుచున్నవని వారు తేల్చిరి. అయితే ఆ సాక్ష్యము నాణ్యత తక్కువదని కూడ వారే చెప్పిరి. చీనా శాస్త్రము చెప్పు ప్రాణశక్తి మార్గములు దేహమును కోసి చూచినవారికి కానరాలేదు. ఆ తావుక్రింద పెద్దనరము పోవుచున్న మాట మాత్రము నిజము.

వాపు, పుండు, సెలైను సూది ఉన్నచోట ఒత్తరాదు. డయాలిసిస్ కొరకు రక్తనాళములు కలిపిన చేతిని ముట్టరాదు. రోగి వలదన్నచో మానవలెను.

నా భయమంతయు వేరు. పొట్ట ఉబ్బి, పచ్చని వాంతి అగుచున్నచో అది ప్రేగు మూసుకొనిన గుర్తు కావచ్చును. అపుడు మణికట్టు పట్టుకొని కూర్చుండుట అపచారము, తక్షణమే వైద్యుని పిలువవలెను. మత్తు వదలని రోగికి వాంతి వచ్చినచో ముందు ప్రక్కకు త్రిప్పి నోరు శుభ్రపరుపవలెను.

ఎప్పుడు ఒత్తినది, ఎంతసేపు ఒత్తినది, వికారము తగ్గినదా లేదా అన్నది మందుల వివరము వ్రాయు కాగితముననే వ్రాసి, ఉదయము పనిలోనికి వచ్చు నర్సుకు నోటితో కూడ చెప్పవలెను.